వెలెట్ వారి ఇల్లు

“మొత్తానికి పట్టేశాను మన ముత్తాతని,” అన్నాడు మా ఆయన ఫెర్నాండ్, వాళ్ళక్క సుజెట్‌తో. ఇద్దరూ హాల్లో కూర్చుని కాఫీ తాగుతున్నారు. నేను వంటగదిలో శనివారం బీన్స్ వండిన మట్టికుండ అడుగు గీకుతున్నాను. “1880 జనాభా లెక్కల్లో ‘వాలెట్’ అని రాశారు చూడు, అది మనమే. ఎంత కష్టపడితే దొరికాడనుకున్నావ్!”

నా చేతిలో పీచు ఆగిపోయింది. ఆ వాలెట్‌ని పట్టింది నేను. జనవరిలో మంచు తవ్వి కారు బయటికి తీసుకుని, లైబ్రరీ కింది అంతస్తులో మైక్రోఫిల్మ్ యంత్రం ముందు మెడ పట్టేసేదాకా కూర్చుని పట్టాను. ఆ రోజు ఇంటికొచ్చి సంబరంగా చెబితే ఫెర్నాండ్ టీవీ మీంచి చూపు తిప్పకుండా “వాలెటా? అంటే పర్సా?” అని నవ్వాడు. ఆయన పడ్డ కష్టం అంతే.

ఆ ఏడాది ఆగస్టులో వెలెట్ వారి కుటుంబ సమావేశం పెట్టుకున్నారు. క్యూబెక్ నుంచి, న్యూహాంప్‌షైర్ నుంచి, ఎక్కడెక్కడి వెలెట్లో, కెనడా సరిహద్దుకి ఇవతల ఉన్న మా మిల్లుల ఊరు లూయిస్టన్‌కి వస్తారు. వాళ్ళకి వంశవృక్షం చూపించాలి. ముందు ఫెర్నాండే మొదలుపెట్టాడు. ఒక కొత్త ఫైలు, రంగు పెన్నులు కొనుక్కొచ్చాడు. రెండుసార్లు లైబ్రరీకి వెళ్ళి, “కళ్ళు లాగేస్తున్నాయి. ఇలాంటి ఓపిక పనులు నీకు బాగా వచ్చు కదా జానీన్, కాస్త సాయం చెయ్యి” అన్నాడు. ఆ కాస్త సాయమే నాకు రెండు చలికాలాలు తినేసింది. ఫైలు మీద మాత్రం పేరు ఆయనదే, ఆ రంగు పెన్నుతో.

ఓపిక ఉన్నదని పేరు పడ్డ ఆడదానికి ఇక జన్మలో విశ్రాంతి ఉండదు. నేను పనిచేసే బీమా ఆఫీసులోనూ అంతే. నేను పని నేర్పిన కుర్రాడే ఇప్పుడు నాకు మేనేజరు. ఫ్రెంచి పేరున్న ముసలివాళ్ళెవరైనా కౌంటరు దగ్గరికొస్తే “జానీన్, మీవాళ్ళు” అని నా వైపు తోస్తాడు. నేను వాళ్ళ పేర్లు సరిచేసి, కాగితాలు సరిచేసి పంపిస్తే, నెలాఖరు మీటింగులో “మేం చేశాం” అంటాడు. ఇంటికొస్తే ఫెర్నాండ్ “నేను చేశాను” అంటాడు. ఆఫీసులో నన్ను అందరిలో కలిపేస్తారు, ఇంట్లో అసలు తీసేస్తారు. తేడా అంతే.

అయినా ఒప్పుకోవాలి, ఆ వెతుకులాట నాకు నచ్చింది. వెలెట్ అన్న పేరు ఫ్రెంచిలో రాయడం మొదలుపెడితే ఓ, యు, ఈ అని మూడు అచ్చులు వరసగా వస్తాయి. ఇంగ్లీషు తప్ప మరో మాట చెవిన పడని జనాభా లెక్కల గుమస్తా ఇంటి గుమ్మంలో నిలబడి ఆ పేరు వింటే ఏం రాసుకుంటాడు? ఒకడు వాలెట్ అన్నాడు, ఒకడు విల్లెట్ అన్నాడు, ఇంకొకడు యూలెట్. కళ్ళతో వెతికితే దొరకరు. పేరుని పైకి పలకాలి, ముక్కుతో ఒకసారి, గొంతుతో ఒకసారి, పళ్ళు లేని ముసలాయన పలికినట్టు ఒకసారి. లైబ్రరీలో పక్క యంత్రం దగ్గర కూర్చునేవాళ్ళు నన్ను చూసి కుర్చీ కాస్త జరుపుకునేవాళ్ళు. ఇంటిపేరు మోసం చేసినా పిల్లల పేర్లు మోసం చెయ్యవని మెల్లగా తెలిసింది. ఎక్సిల్డా, నెపోలియన్, ఆల్బీనా, విల్‌ఫ్రిడ్, రోజాల్మా. ఈ వరసలో ఈ పేర్లున్న ఇల్లు మా ఊళ్ళో ఇంకోటి ఉండదు.

1880లో ఉన్నారు, వాలెట్ పేరుతో. భర్త తెయోఫిల్, భార్య డెలిమా, చంకలో పసిపిల్ల ఎక్సిల్డా. 1910లో ఉన్నారు, విల్లెట్ పేరుతో, సొంత ఇంట్లో. ఆ తర్వాత లెక్కలన్నిట్లోనూ ఉన్నారు. 1890 కాగితాలు ఎప్పుడో మంటల్లో పోయాయి, వాటి సంగతి అందరికీ తెలుసు. కానీ 1900లో మా తెయోఫిల్ లేడు. ఏ అక్షరంతో వెతికినా లేడు.

తెయోఫిల్ లేకపోతే వెలెట్ల కథే లేదు. మా పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారంలో, నేను మా అమ్మ ఫొటో తగిలిద్దామని హాలు గోడకి మేకు కొడుతుంటే కింది అంతస్తులో ఉండే మా అత్తగారు ఇర్మా మెట్లెక్కి పైకొచ్చింది. అందరం ఆవిడని మెమేర్ అంటాం, అంటే నానమ్మ అని. “ఎవరినడిగి కొడుతున్నావు? ఇది తెయోఫిల్ వెలెట్ ఇల్లు. మిల్లులో రెక్కలు ముక్కలు చేసుకుని, కెనడా నుంచి చేతులూపుకుంటూ వచ్చినవాడు 1904లో కొన్న ఇల్లు. ఈ గోడలకి ఒక మర్యాద ఉంది” అంది. మా అమ్మ ఫొటో పడగ్గది బీరువా లోపలికి పోయింది. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్ళూ ఆ మాట ఏదో రూపంలో వింటూనే ఉన్నాను. కర్టెన్ల రంగు మారుద్దామంటే, తెయోఫిల్ ఇల్లు. ఉద్యోగంలో చేరతానంటే, “తెయోఫిల్ ఇంటి ఆడవాళ్ళు బయటికెళ్ళి పనిచెయ్యలేదు” అన్నాడు ఫెర్నాండ్. చెయ్యక తప్పని రోజు వచ్చినప్పుడు మాత్రం ఆ ఆచారం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం, ఇక పేరు వెతకడం మానేశాను. గుమస్తా నడిచినట్టే నేనూ నడుద్దామనుకున్నాను, వీధి వెంట వీధి, ఇంటి వెంట ఇల్లు. రీలు మెల్లగా తిప్పుతూ, కెనడా నుంచి వచ్చినవాళ్ళుండే లిటిల్ కెనడా పేట సందులన్నీ దాటాను. మిల్లు కాలవ దాటాను. గుట్ట మీది వీధికి వచ్చాను. అది మా వీధి. మా ఇంటి నంబరు. 1904లో కొన్న ఇల్లు కదా, 1900లో ఇందులో ఎవరుండేవాళ్ళో చూద్దామని ఆగాను.

ఇంటి యజమాని: డెలిమా సాన్సూసీ. ఆడమనిషి. వివాహిత. నూలు మిల్లులో నేతపని. కన్న పిల్లలు తొమ్మిదిమంది, బతికున్నవాళ్ళు ఐదుగురు. ఇల్లు సొంతం, తాకట్టు మీద. కింద వరసగా ఎక్సిల్డా, నెపోలియన్, ఆల్బీనా, విల్‌ఫ్రిడ్, రోజాల్మా. అందరికీ తల్లి ఇంటిపేరే.

కెనడాలో మా ఆడవాళ్ళు చర్చి పుస్తకాల్లో చచ్చేదాకా పుట్టింటి పేరుతోనే ఉండేవాళ్ళు. గుమ్మంలో నిలబడ్డ గుమస్తా “ఇంటి పెద్ద పేరు?” అని అడిగితే ఆవిడ తన పేరు చెప్పింది. అంతే. ఇందులో ఇంకెవరినీ తలుచుకోవలసిన అవసరం ఆవిడకి కనబడలేదు. అన్నిటికన్నా నా ఒళ్ళు మండించింది ఏమిటంటే, ఆ గుమస్తా ఆ పేరుని ఒక్క అక్షరం పొల్లుపోకుండా సరిగ్గా రాశాడు. ఇన్నాళ్ళూ మగాడి పేరు నానా రకాలుగా చీలిపోతే ముక్కలన్నీ ఏరుకుంటూ తిరిగాను. ఆడదాని పేరు తప్పుల్లేకుండా రాసి ఉంటే దాని మీదుగా ఎన్నిసార్లు దాటిపోయానో.

సాన్సూసీ అంటే చింత లేనివాళ్ళని అర్థం. నలుగురు పిల్లల్ని పాతిపెట్టి, మగ్గాల మోతలో నిలబడి, తాకట్టు తీర్చుకుంటూ బతికిన మనిషికి ఆ పేరు.

మరి తెయోఫిల్ ఏడి? ఇప్పుడు ఆయన ఒంటరిగా ఉంటాడని తెలుసు కాబట్టి దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. న్యూహాంప్‌షైర్‌లో, కలప కోసే ఊళ్ళో, భోజనంతో గదులు అద్దెకిచ్చే ఒక ఇంట్లో ఉన్నాడు. టఫీల్డ్ విల్లెట్. పుట్టిన నెలా ఏడాదీ అవే, పక్క గదిలో సొంత తమ్ముడు. వివాహ స్థితి దగ్గర రాయించుకున్న మాట: భార్య చనిపోయింది.

లైబ్రరీ అమ్మాయి వచ్చి “మీకు ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగేదాకా నేను గట్టిగా ఏదో అన్నానని నాకు తెలియదు.

ఆ సాయంత్రం కాగితాల నకళ్ళు ఫెర్నాండ్ ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“లెక్కలవాడు తాగి రాసుంటాడు,” అన్నాడు.

“ఏది తాగి రాశాడు?”

“ఇదిగో, ఈ సాన్సూసీ. నువ్వే చెప్పావుగా, వాళ్ళు పేర్లు తప్పులు రాస్తారని. ఇదీ ఒక తప్పే.”

“వాలెట్ అని రాస్తే మీవాడే. విల్లెట్ అని రాస్తే మీవాడే. టఫీల్డ్ అన్నా మీ ముత్తాతే. ఒక ఆడది తన పేరు తను చెబితే, అది అక్షరం తప్పు లేకుండా రాస్తే, వాడు తాగేసినట్టా?”

“అరవకు. కింద అమ్మ వింటుంది.” కాగితాలు మడిచి నా వైపు జరిపాడు. “1900 పేజీ వదిలెయ్ జానీన్. దొరకలేదంటే ఎవరూ ఏమీ అనుకోరు. రేపు అంతమంది వచ్చి కూర్చుంటే, మా ముత్తాత పెళ్ళాం బతికుండగానే పోయిందని రాయించుకున్నాడని చెప్పమంటావా? పోయినవాళ్ళ పరువు తియ్యడం దేనికి?”

“డెలిమా కూడా పోయింది కదా. ఆవిడకి పరువు లేదా?”

“ఆవిడ పరువు ఇప్పుడెవరు తీశారు?” అన్నాడు నిజంగానే అర్థం కాక. కోపం కన్నా ఆ అర్థం కాకపోవడమే నన్ను కోసేసింది.

మర్నాడు ఆయన బయటికి వెళ్ళాక కిందికి దిగాను. మెమేర్‌కి ఎనభై ఆరేళ్ళు. కిటికీ దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను. “డెలిమా మీకు తెలుసా మెమేర్?” అని అడిగాను.

“తెలియకేం. నా పెళ్ళయ్యాక మూడేళ్ళు బతికింది. చెవులు పూర్తిగా పోయాయి, మగ్గాల దగ్గర పనిచేసినవాళ్ళందరికీ పోయేవి. నాకు తల దువ్వేది.”

“ఈ ఇల్లు ఆవిడ కొన్నదేనా?”

ఆవిడ చెయ్యి ఆగలేదు. “ఆఖరి చలికాలం చెప్పింది. చెవిటివాళ్ళు ఎట్లా చెబుతారు? అరిచి చెప్పింది. ఇదే గదిలో. ఇల్లు నేను కొన్నాను, వాడు తొమ్మిదేళ్ళు పత్తా లేడు, 1904లో తిరిగొచ్చి పత్రాల మీద తన పేరు వేయించుకున్నాడు అని. ఇంట్లో అందరూ విన్నారు.”

“విని?”

“మగాళ్ళు లేచి వాకిట్లోకెళ్ళి పైపులు ముట్టించుకున్నారు. మా అత్తగారు సూప్ వేడి చెయ్యడానికి పోయింది.”

“అన్నీ తెలిసి, తెయోఫిల్ ఇల్లు, తెయోఫిల్ ఇల్లు అని ముప్ఫై నాలుగేళ్ళు నా మొహాన కొట్టారే!”

ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది. జాలి లేదు ఆ చూపులో, సిగ్గూ లేదు. “నా మొహాన కొట్టారు. నేను నీ మొహాన కొట్టాను. నువ్వేమన్నా అడిగావా నన్ను? నేనేమన్నా అడిగానా మా అత్తని? ఫొటో బీరువాలో పెట్టుకుని ఊరుకున్నావు.”

నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందంటే, బఠాణీల గిన్నె అక్కడే వదిలేసి పైకొచ్చేశాను. మెట్ల మీద ఆగి ఆ గోడ మీద చెయ్యి పెట్టాను. ఈ గోడ మర్యాద కోసం నేను ఎన్ని మాటలు మింగానో! ఒక ఆడదాని కష్టాన్ని మగాడి పేరున రాసి, ఆ పేరుతోనే తర్వాత వచ్చిన ఆడవాళ్ళందరినీ అదిలించారు. 1880లో ఆవిడ వృత్తి ‘ఇంటిపని’. 1910లో, తాకట్టు తీరిపోయి, మొగుడు ఇంటి పెద్దగా కూర్చున్నాక, ఆవిడ వృత్తి దగ్గర రాసిన మాట ‘ఏమీ లేదు’. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. నీకేం పని ఉంది, ఇంట్లోనేగా ఉంటావు. ఆఫీసు అయ్యాక నీకేం పని ఉంది, ఆ రీళ్ళు తిప్పుకోవడమేగా.

మే నెలలో సమాధిరాయి విషయం వచ్చింది. పాతది చలికి నెర్రెలిచ్చి రెండుగా విరిగిపోయింది. దాని మీద ‘తెయోఫిల్ వెలెట్, ఆయన భార్య’ అని మాత్రమే ఉండేది. భార్యకి పేరే లేదు. సమావేశం రోజున కొత్త రాయి నిలబెడదామని అందరూ అనుకున్నారు. ఏం చెక్కించాలో ఫెర్నాండ్ ఒక కవరు వెనకాల రాసిచ్చాడు, పాతదాని మీద ఉన్నట్టే. “నాకు తీరిక లేదు, నువ్వెళ్ళి చెప్పిరా. అక్షరాలు సరిచూడు, నీకు అలవాటేగా,” అన్నాడు.

రాళ్ళు చెక్కే రోమియో బోల్డక్ కొట్టు నది అవతలి ఊళ్ళో ఉంది. ఆయన ముసలాయన, కనుబొమల్లో కూడా రాతిపొడి. “వెలెట్లా? రెండు ఎల్‌లా, ఒకటా? చివర ఈ ఉందా, లేదా? మీ వెలెట్లు ఎవరొచ్చినా ఒక్కో రకంగా చెబుతారమ్మా,” అన్నాడు.

కవరు నా చేతిసంచిలోనే ఉంది. దాన్ని తీద్దామనే చెయ్యి పెట్టాను. నిజంగానే. కానీ నోటికి వేరే మాట వచ్చింది.

“పైన వేరే పేరు ఉంది. అది ముందు రాసుకోండి. డెలిమా సాన్సూసీ.” ఒక్కో అక్షరం చెప్పాను. ఆయన రాసుకున్నాడు. “దాని కింద, నేతకారి. దాని కింద, గుట్ట మీది ఇల్లు తన కష్టంతో కొన్నది.”

“తర్వాత?”

“తర్వాత చిన్న అక్షరాలతో, ఆమె భర్త తెయోఫిల్ వెలెట్.”

పెన్సిల్ ఆగింది. “ఆయన పేరు కింద పెట్టమంటారా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా?”

“నాకు ఇష్టమే,” అన్నాను. ఇంటికొచ్చి వంట చేశాను. ఫెర్నాండ్ “అయిందా?” అన్నాడు. “అయింది,” అన్నాను. అంతకు మించి ఆయన ఎప్పుడూ ఏదీ అడగడు.

సమావేశం రోజు చర్చివాళ్ళ పారిష్ హాలు నిండిపోయింది. ఫెర్నాండ్ కొత్త కోటు వేసుకుని మైకు ముందు నిలబడి “రెండు చలికాలాలు నేను పడ్డ శ్రమ” అని మొదలుపెట్టాడు. నేను వెనక వంటగదిలో, సుజెట్‌తో కలిసి పంది మాంసం కూరి కాల్చిన పైలు ముక్కలు కోస్తున్నాను. క్యూబెక్ నుంచి వచ్చిన ఒకావిడ లేచి, వాలెట్ అంటే వెలెట్ అని ఎలా పోల్చుకున్నారండీ అని అడిగింది. మైకులో కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత ఫెర్నాండ్ గొంతు వినబడింది. “జానీన్! ఆ వాలెట్ సంగతేమిటి? కాస్త వచ్చి చెప్పు.” అందరూ నవ్వారు. నేను ఏప్రనుకి చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చెప్పాను. పిల్లల పేర్లూ, పైకి పలకడమూ, అన్నీ చెప్పాను. ఆవిడ చప్పట్లు కొట్టి ఫెర్నాండ్ వైపు తిరిగి “మీ ఆవిడ మీకు మంచి సాయమే చేసింది,” అంది. ఆయన తల ఊపాడు.

భోజనాలయ్యాక అందరం శ్మశానానికి నడిచాం. మెమేర్‌ని చక్రాల కుర్చీలో తోసుకెళ్ళాను. ఫాదరు ప్రార్థన చదివాక ఫెర్నాండ్ రాయి మీది గుడ్డ లాగాడు.

వెనకవాళ్ళు “ఏముంది, ఏముంది” అని ముందుకు తోసుకున్నారు. సుజెట్ పైకి చదవడం మొదలుపెట్టి రెండో వరసలో గొణుగుడులోకి దిగిపోయింది. ఫెర్నాండ్ మొహం ఎర్రగా కందిపోయింది. నా వైపు చూశాడు. నేను చూపు దించలేదు.

అప్పుడు మెమేర్ కుర్చీలోంచి అంది, “గట్టిగా చదవవే సుజెట్. ఆవిడకి చెవులు వినబడవు.”

సుజెట్ గొంతు సవరించుకుని మొదటి నుంచీ మళ్ళీ చదివింది. ఈసారి అందరికీ వినబడేట్టు. ‘తన కష్టంతో కొన్నది’ అన్నచోట క్యూబెక్ ఆవిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. మగవాళ్ళలో కొందరు గేటు వైపు నడిచారు. కొందరు మాత్రం అక్కడే నిలబడ్డారు. నాకు అది చాలు అనిపించలేదు. ఎందుకు చాలాలి? వందేళ్ళు ఆలస్యంగా ఒక పేరు పైకి చదివితే అదేమైనా బహుమతా?

ఇంటికొచ్చాక ఫెర్నాండ్ కోటు విప్పి కుర్చీ మీద పడేశాడు. “అందరి ముందూ తల కొట్టేసినట్టు చేశావు. నన్నడగకుండా ఎలా రాయించావు?” అన్నాడు. నేను కోటు తీసి తగిలించబోయి, అక్కడే వదిలేశాను.

“నాకు తీరిక లేదు, నువ్వెళ్ళు అన్నారు. వెళ్ళాను.”

“రేపు పొద్దున్నే ఆ బోల్డక్‌కి ఫోన్ చేసి, అదంతా చెరిపించి మళ్ళీ సరిగ్గా చెక్కమను. మన పాత పద్ధతిలోనే. విన్నావా?”

విన్నాను. నేను చేసిన పనిని చెరిపేసే పని కూడా నాకే అప్పజెప్పాడు ఆ మనిషి. నాకు నవ్వొచ్చింది, అంత కోపంలోనూ.

“నేను చెయ్యను,” అన్నాను. “మీరు చేసుకోండి.”

ఆ కొట్టు ఏ ఊళ్ళో ఉందో, ఆ నంబరు ఎక్కడ ఉంటుందో ఆయనకి తెలియదు. నన్ను అడగాలి. అడగలేదు.

రాయి ఇప్పటికీ అలాగే ఉంది. దాన్ని తీయించాలంటే ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. వెలెట్ల ఇంట్లో ఫోన్లు చేసేది నేనే.